చెరువు కట్ట మలుపులో నిలబడే మనిషి ఎవరు?

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. పాల వ్యాను నడుపుతాను. తెల్లవారుజామున మూడున్నరకు ఖాళీ క్యాన్లు ఎక్కించుకొని బయలుదేరి, ఏడు ఊళ్లు తిరిగి, పాలు తీసుకొని శీతలీకరణ కేంద్రానికి చేరుస్తాను. దారిలో చెరువు కట్ట దిగే చోట ఒక మలుపు ఉంది. రెండు పక్కలా సర్కారు తుమ్మ. వీధి దీపాలు లేవు. ధనుర్మాసంలో ఒకనాడు ఆ మలుపు తిరుగుతుంటే రోడ్డు అంచున నేలలో నుంచి లేచినట్టు ఒక తెల్లటి ఆకారం నిలబడింది. ముఖం కనిపించలేదు. దాటాక అద్దంలో చూస్తే ఏమీ లేదు. కొన్నాళ్లకు అక్కడే మళ్లీ కనిపించింది. ఈసారి మా క్లీనర్ కుర్రాడు కూడా చూశాడు. నేను ఒక్కసారిగా బ్రేకు వేయడంతో వ్యాను అడ్డం తిరిగి, ముందు చక్రం కట్ట అంచు దాకా వెళ్లి ఆగింది. దిగి చూస్తే ఎవరూ లేరు. చెరువు అవతల చప్పుడు లేకుండా కదిలే దీపం ఒకటి కనిపిస్తుందని కూడా క్లీనర్ అంటాడు.

రెండేళ్ల క్రితం పక్క ఊరి కోడలు ఒకామె ఆ మలుపులోనే భర్త బండి మీద నుంచి పడి చనిపోయింది. ఆమే అక్కడ తిరుగుతోందని ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు. ఆమెకు ఇద్దరు పిల్లలు. బడిలో తోటివాళ్లు వాళ్లను ‘దెయ్యం పిల్లలు’ అని పిలుస్తున్నారట. ఒక భూతవైద్యుడు వచ్చి, ఆమె అత్తింటివాళ్లు ముప్పై వేలు ఖర్చుపెట్టి శాంతి చేయిస్తే తప్ప అది పోదని చెప్పి వెళ్లాడు. మా అమ్మ నన్ను ఈ పని మానేయమంటోంది. మానేస్తే ఇల్లు గడవదు. నేను చూసింది నిజమా, భ్రమా? ఏం చేయమంటారు?

ఒక డ్రైవరు, ప్రకాశం జిల్లా

సమాధానం: మీరు అక్కడ ఏదో చూశారు. అందులో నాకు సందేహం లేదు. కళ్లు బాగా ఉన్న ఇద్దరు మనుషులు ఒకే చోట ఒక ఆకారాన్ని చూశామంటే, అక్కడ ఏమీ లేదని తోసిపారేయడం తేలిక. కానీ అలా తోసిపారేస్తే మీకూ ఉపయోగం లేదు, ఆ పిల్లలకూ ఉపయోగం లేదు. చూసింది ఎవరిని అన్నదే తేల్చుకోవలసిన విషయం.

మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. అందులో మూడు ముక్కలు నా మనసులో నిలిచిపోయాయి. ఆకారం నేలలో నుంచి లేచినట్టు నిలబడింది. ముఖం కనిపించలేదు. వ్యాను దాటగానే మాయమైంది. ఈ మూడింటికీ తోడు తెల్లవారుజామున నాలుగింటి వేళ, రోడ్డు అంచు, తుమ్మ చెట్ల చాటు. ఇవన్నీ కలిపి చూశాక మిమ్మల్ని మొహమాటం లేకుండా ఒక మాట అడగాలనిపించింది. ఆ మలుపుకు దగ్గరగా ఉన్న ఊళ్లో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉందా? ఉన్నవాటిలో నీళ్లు వస్తున్నాయా?

ఎందుకు అడుగుతున్నానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఇంట్లో ఆ సౌకర్యం లేని ఆడవాళ్లు పగలు బయటికి వెళ్లలేరు. పొద్దుగూకాక ఒకసారి, కోడి కూయకముందు ఒకసారి, చీకటి ఉన్న ఆ కాసేపే వాళ్లకు దక్కే చాటు. తుమ్మ పొదల లోపలికి వెళ్లాలంటే ముళ్లు, పాములు. అందుకని కాస్త శుభ్రంగా ఉండే రోడ్డు అంచునే కూర్చుంటారు. దూరం నుంచి బండి లైటు పడగానే చటుక్కున లేచి నిలబడతారు. చెంగు తల మీదుగా లాక్కుంటారు. ముఖం కనపడకుండా రోడ్డుకు వీపు పెట్టి తిరుగుతారు. బండి దాటేదాకా కదలరు. దాటగానే మళ్లీ కూర్చుంటారు, లేదా పొద వెనక్కి జరిగిపోతారు. డ్రైవరు సీట్లో కూర్చుని చూసేవాడికి ఇది ఎలా కనిపిస్తుంది? నేలలో నుంచి లేచిన మనిషి, ముఖం లేని మనిషి, అద్దంలోకి చూసేసరికి లేని మనిషి. మీరు రాసింది అచ్చంగా ఇదే.

రెండోసారి మీరు బండి ఆపి కిందికి దిగారు. నా ఊహ నిజమైతే, ఆ క్షణంలో తుమ్మ చెట్టు వెనక ఒక ఆడమనిషి ఊపిరి బిగపట్టుకొని నక్కి ఉంది. చీకట్లో ఒక వ్యాను కీచుమంటూ ఆగింది. ఇద్దరు మగవాళ్లు దిగి అటూ ఇటూ వెతుకుతున్నారు. మీరు భయపడినదానికి పదింతలు ఆమె భయపడి ఉంటుంది. పగలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు కూడా. అంతెందుకు, ఆమె రోజూ మీ వ్యాను దగ్గరికి వచ్చి పాలు పోసే మనిషే కావచ్చు.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. అయిదేళ్లకు, 2019లో అదే తేదీన, దేశంలోని పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివిగా మారాయని ప్రకటించారు. ఆ కాలంలో కోట్ల మరుగుదొడ్లు కట్టిన మాట నిజం. వాటిలో కొన్ని నీళ్లు లేక మూతపడ్డాయి, కొన్నింటిలో పిడకలు, వరిగడ్డి, పాత సామాను చేరాయి, కొన్ని ఇళ్లలో మొగవాళ్లకూ ఆడవాళ్లకూ అందరికీ కలిపి ఒక్కటే ఉండి పొద్దున్నే వంతులు పడుతున్నాయి. పల్లెల్లో తిరిగేవారికి ఇది తెలిసిన సంగతే. కాగితం మీద లెక్క తేలిపోయిన తర్వాత చీకట్లో లేచి నిలబడే ఆడమనిషి ఎవరి లెక్కలోనూ ఉండదు. ఆమెను మనిషిగా గుర్తించడం కంటే దెయ్యంగా చెప్పుకోవడమే ఊరికి సులువైపోయింది. ఇది రాస్తుంటే నాకు బాధగా ఉంది.

ఇది నా బలమైన అనుమానం. మీ మలుపును నేను చూడలేదు కాబట్టి మిగిలిన అవకాశాలూ చెప్పాలి. తలకు తువ్వాలు చుట్టుకొని, తెల్ల పంచెతో పొలానికి వెళ్లే రైతు కావచ్చు. వ్యవసాయ మోటార్లకు రాత్రిపూట కరెంటు ఇచ్చిన కాలంలో అర్ధరాత్రీ అపరాత్రీ గట్ల మీద నడిచినవాళ్లు లెక్కలేనంతమంది. పగటి సరఫరా వచ్చాక కూడా నీటి వంతు కోసం, అడవి పందుల కాపలా కోసం వెళ్లేవారు ఉన్నారు. పైగా ధనుర్మాసం అన్నారు. ఆ నెల రోజులూ నాలుగింటికే లేచి స్నానం చేసి గుడికి బయలుదేరే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఇక మన పల్లెల్లో పాడుబడ్డ ఇళ్లలో, తాటి చెట్ల మీద ఉండే తెల్ల గుడ్లగూబ ఒకటుంది. ముఖం, పొట్ట తెల్లగా ఉంటాయి. రెక్కలు కొట్టినా చప్పుడు రాదు. ఎలుకల కోసం చేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతుంది. దాని కింది భాగం మీద హెడ్‌లైటు పడితే తెల్లటిదేదో గాలిలో తేలినట్టే ఉంటుంది. 2017లో విశాఖపట్నంలో కట్టడం పూర్తికాని ఒక భవనంలో దొరికిన ఈ గుడ్లగూబ పిల్లలను గ్రహాంతరవాసులని చెప్పుకొంటూ జనం ఆ వీడియోను దేశమంతా పంచుకున్నారు. అయితే మీరు చెప్పినది కదలకుండా నిలబడింది. అందుకే నేను పక్షి కంటే మనిషినే నమ్ముతున్నాను.

మరి తెల్లగానే ఎందుకు కనిపించింది? అది కంటి పని తీరు. మన కంటిలో రంగులను గుర్తుపట్టే కణాలు వేరు, చీకట్లో పనిచేసే కణాలు వేరు. మసక వెలుతురులో ఈ రెండో రకం కణాలదే పని. వాటికి రంగు తెలియదు, వెలుగు నీడల తేడా మాత్రమే తెలుస్తుంది. లేత పసుపు చీరైనా, లేత ఆకుపచ్చ చీరైనా హెడ్‌లైటు వెలుగు అంచున తెల్లగానే ఉంటుంది. ఈ కణాలు కంటి పొర నడిమధ్యన ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే చీకట్లో కంటి కొసతో పట్టిన ఆకారం తిన్నగా చూడబోతే చెదిరిపోతుంది. ‘చూస్తుండగానే మాయమైపోయింది’ అని మన పెద్దవాళ్లు చెప్పిన కథల్లో చాలావాటి వెనక ఈ సంగతి ఉంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, కన్ను చూపించినదే చెప్పారు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది. బయలుదేరే ముందు ఫోను తెర చూసినా, ఎదురు లారీ బ్రైట్ లైటు కళ్లలో కొట్టినా ఆ అలవాటు చెదిరిపోతుంది. వ్యాను ఎక్కే ముందు ఫోను జేబులో పెట్టేయండి.

చెరువు సంగతి మరచిపోకూడదు. పుష్య మాసపు చలిలో గాలి కంటే చెరువు నీళ్లే వెచ్చగా ఉంటాయి. నీటి మీద నుంచి ఆవిరి లేచి, పొగమంచుగా మారి, పల్లంగా ఉన్న మలుపులోకి పాకుతుంది. దాని మీద బ్రైట్ లైటు వేస్తే ఆ వెలుగంతా తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. మంచు ఉన్న రోజున డిమ్ లైటే వేయండి, దారి దానితోనే బాగా కనిపిస్తుంది.

నిద్ర విషయం కూడా అడగక తప్పదు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు? తెల్లవారుజామున రెండు నుంచి అయిదు వరకు మనిషి ఒంట్లో మెలకువ అన్నిటికంటే తక్కువగా ఉండే సమయం. మీ వ్యాను మొదటి ఒకటిన్నర గంట ఆ సమయంలోనే తిరుగుతుంది. నిద్ర చాలని మనిషి కళ్లు తెరిచి ఉండగానే రెండు మూడు సెకన్లు కునుకులోకి జారతాడు, అది అతనికే తెలియదు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే యాభై మీటర్లు. నిద్రకూ మెలకువకూ మధ్య అంచులో మనిషి ఆకారాలు కనబడటం, ఎవరో పిలిచినట్టు వినబడటం ఆరోగ్యవంతులకూ జరిగేదే. మొదటిసారి మీరు ఒక్కరే చూసినదానికి ఇది కూడా కారణం కావచ్చు. తొమ్మిదికల్లా పడుకోవడం ఇంట్లో వీలుపడకపోతే, పాలు దింపి వచ్చాక మధ్యాహ్నం తలుపు వేసుకొని ఒకటిన్నర గంటైనా పడుకోండి. దారిలో కళ్లు బరువెక్కితే బండి పక్కకు తీసి పావుగంట కునుకు తీయండి. టీ ఆ తర్వాత తాగవచ్చు.

రెండోసారి క్లీనర్ కూడా చూశాడు కదా అంటారేమో. నిజమే, అతను ఒక మనిషిని చూశాడు. కానీ ఆ మనిషిని దెయ్యంగా చూడటానికి కావలసిన కథ అప్పటికే అతని చెవిలో ఉంది. ఇక్కడ నాకు ఇంగ్లండులో జరిగిన ఒక పరీక్ష గుర్తొస్తుంది. 1959లో కేంబ్రిడ్జిలో కార్నెల్ అనే అతీంద్రియ విషయాల పరిశోధకుడు తెల్ల దుప్పటి కప్పుకొని, చీకటి పడే వేళ కళాశాల వెనక ఆవులు మేసే మైదానంలో కొన్ని సాయంత్రాలు అటూ ఇటూ నడిచాడు. అతను కనబడే దూరంలో వెళ్లినవాళ్లు ఎనభై మంది దాకా ఉన్నారు. ఒక్కరూ దెయ్యమని భయపడలేదు, అసలు పట్టించుకున్నట్టే కనబడలేదు. ఆసక్తిగా వెంట వెళ్లినవి ఆవులే. కథ లేని చోట దుప్పటి కప్పుకొని తిరిగినా దెయ్యం కాలేదు. మీ మలుపులో కథ ముందే సిద్ధంగా ఉంది కాబట్టి చీర చెంగు చాలింది.

ఆ కథ ఎలా పెరుగుతుందో చెప్పడానికి ఇంకొక రోడ్డు గురించి రాస్తాను. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో మెయిడ్‌స్టన్, చాటమ్ పట్టణాల మధ్య బ్లూబెల్ హిల్ అనే కొండ దారి ఉంది. 1965 నవంబరులో, పెళ్లికి ముందురోజు రాత్రి అక్కడ జరిగిన కారు ప్రమాదం ఒక యువతినీ, ఆమె స్నేహితురాళ్లనూ బలిగొంది. 1974 జులైలో ఒక తాపీమేస్త్రీ అర్ధరాత్రి దాటాక పోలీసు స్టేషనుకు వచ్చి, ఆ దారిలో తన కారు ఒక పిల్లకు తగిలిందనీ, దుప్పటి చుట్టి రోడ్డు పక్కన పడుకోబెట్టి వచ్చాననీ చెప్పాడు. పోలీసులు వెళ్లి చూస్తే దుప్పటి ఉంది, పిల్ల లేదు, నెత్తుటి చుక్క లేదు. 1992 నవంబరులో మరొక డ్రైవరు, ఒక స్త్రీ పరుగెత్తుకొచ్చి తన కళ్లలోకి చూస్తూ కారు కింద పడిందని మెయిడ్‌స్టన్ పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు. అక్కడా ఏమీ దొరకలేదు. వీళ్లు మోసగాళ్లు కారు. దెయ్యాన్ని చూశామని కాదు, మనిషిని చంపేశామేమోననే వణికిపోతూ వచ్చారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, 1974లో ఆ మేస్త్రీ చెప్పింది పదేళ్ల పిల్ల గురించి. 1965లో పోయింది పెళ్లికూతురు. వయసు కలవదు, వేషం కలవదు. అయినా ఆ దారిలో ఎవరికి ఏం కనిపించినా జనం ఆ పెళ్లికూతురికే అంటగట్టారు. అరవై ఏళ్లు దాటినా ఆ అమ్మాయి పేరు దెయ్యం కథల్లోనే నలుగుతోంది. ఆమెకూ ఒక ఇల్లు ఉంది, ఆమె కోసం ఏడ్చినవాళ్లు ఉన్నారు. మీ పక్క ఊరి కోడలి విషయంలో జరుగుతున్నదీ ఇదే. మీరు చూసిన ఆకారానికి ముఖం లేదని మీరే రాశారు. ముఖం కనబడనప్పుడు ఆమేనని ఎవరు గుర్తుపట్టారు?

చెరువు అవతలి దీపం గురించి రెండు మాటలు. మన ఊళ్లలో కొరివి దెయ్యం అనేది, కచ్ ప్రాంతంలోని బన్ని గడ్డి మైదానాల్లో చిర్ బత్తి అనేది ఇలాంటి దీపాల గురించే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పాల్డింగ్ అనే చోట 1966 నుంచి రాత్రిపూట అడవి మీద ఒక దీపం కనిపించేది. రైలు కింద పడి చనిపోయిన ఉద్యోగి లాంతరని చెప్పుకునేవారు. 2010లో అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు దాన్ని దూరదర్శినిలో చూస్తే కొన్ని కిలోమీటర్ల అవతల హైవే మీద వస్తున్న కార్ల హెడ్‌లైట్లు, పక్కన రోడ్డు బోర్డుతో సహా కనిపించాయి. తమలో ఒకరిని కారులో పంపి, లైట్లు వెలిగిస్తూ ఆర్పుతూ నడిపించి మరీ రూఢి చేసుకున్నారు. మీ చెరువు అవతల ఏ రోడ్డు ఉందో, ఆ వేళకు ఏ బస్సు, ఏ లారీ వస్తుందో చూడండి. చేపలకు వలలు వేసేవాళ్ల బ్యాటరీ లైటు కూడా కావచ్చు. నీటి మీద దూరం అంచనాకు అందదు, ఇంజను చప్పుడూ అంత దూరం చేరదు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. ముందుగా, చేయకూడనిది ఒకటి ఉంది. కుర్రాళ్లను వెంటేసుకొని, టార్చిలైట్లు, ఫోన్లు పట్టుకొని తెల్లవారుజామున అక్కడ కాపు కాయకండి. నా ఊహ నిజమైతే అది ఆ ఆడవాళ్ల మానానికే దెబ్బ. ఎవరో ఒకరు వీడియో తీస్తారు, సాయంత్రానికి పది ఊళ్లకు పాకుతుంది. ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లే కనుక్కోవాలి. మీ అమ్మగారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆమె భయం ప్రేమలో నుంచి వచ్చింది, వాదించి గెలవలేరు. ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఎవరున్నారో ఆమెకే బాగా తెలుసు. ఆ ఊరి ఆశా కార్యకర్తను గానీ, అంగన్‌వాడీ టీచరును గానీ కలిసి, ఏ వీధి ఆడవాళ్లు అటువైపు వెళుతున్నారో ఆమెనే అడగమనండి. ఎవరి ఇంట్లో ఏ సౌకర్యం ఉందో, ఏది పాడైందో వాళ్లకు తెలియనిది లేదు. వివరం తెలిశాక ఎవరి పేరూ బయట పెట్టకండి. “అది దెయ్యం కాదని నాకు తెలిసింది” అన్న మాట చాలు, మీ నోటి నుంచి వస్తే నలుగురూ వింటారు. చూసినవాడు చెప్పిన మాటకు ఉండే బరువు నా మాటకు ఉండదు.

వేగం విషయంలో మాత్రం ఈ రోజు నుంచే మారాలి. డిమ్ లైటు దారిని నలభై మీటర్ల దాకా చూపిస్తుంది అనుకుందాం. అరవై వేగంలో ఉన్న బండి, మీరు ఏదో ఉందని గ్రహించి బ్రేకు తొక్కి ఆగేసరికి నలభై అయిదు మీటర్లు ఎలాగూ వెళుతుంది. తడి రోడ్డు మీద, నిండు క్యాన్లతో ఉంటే ఇంకా ఎక్కువ. అంటే మీకు మనిషి కనిపించేసరికే ఆలస్యమైపోయింది. నలభై వేగంలో అయితే పాతిక మీటర్లలో ఆగుతుంది. మలుపుకు ముందు ముప్పైకి దించండి. ఏదైనా కనిపిస్తే స్టీరింగు తిప్పకండి, తిన్నగా ఉంచి బ్రేకు వేయండి. కట్ట మీద పక్కకు తిప్పడమంటే చెరువులోకి తిప్పడమే. దెయ్యమనే భయంతో ఆ మలుపులో వేగం పెంచి దాటేస్తున్న బైకువాళ్లకూ ఇదే చెప్పండి. అక్కడ లేచి నిలబడేది బతికి ఉన్న మనిషి.

అక్కడ ఒకరు చనిపోయారు, మరొకసారి మీరు చావు దాకా వెళ్లొచ్చారు. కాబట్టి ఆ మలుపులో లోపం ఉంది. ఊరంతా దెయ్యం గురించి మాట్లాడుతోంది, రోడ్డు గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తుమ్మ కొట్టించాలి. మలుపు ఉందని తెలిపే బోర్డు, కట్ట అంచున రేడియం అంటించిన రాళ్లు లేదా ఇనుప కంచె, ఒక సోలార్ దీపం కావాలి. దీపం ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఆ ఊరి ఆడవాళ్లను అడిగాకే తేల్చండి. మరుగుదొడ్ల సంగతి తేలకుండా ఆ చోటునంతా వెలుగుతో నింపితే వాళ్లు ఇంకా దూరం, ఇంకా చీకట్లోకి వెళ్లవలసి వస్తుంది. అది ఏ శాఖ రోడ్డో పంచాయతీ కార్యదర్శిని అడగండి. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిది కావచ్చు, రోడ్లు భవనాల శాఖది కావచ్చు. మీరు, మరో పదిమంది పాలు పోసేవాళ్లు సంతకాలు చేసి, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రోడ్డుకు ఒక అర్జీ, మరుగుదొడ్లకూ నీటికీ ఇంకొకటి. ఇచ్చినప్పుడు రసీదు తీసుకోవడం మరచిపోకండి.

భూతవైద్యుడికి ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు. కోడలిని పోగొట్టుకున్న ఇంటి మీద ముప్పై వేల అప్పు మోపే మనిషి ఆ ఇంటికి మేలు కోరేవాడు కాదు. వాళ్లు తమ ఆచారం ప్రకారం ఆబ్దికం పెట్టుకుంటారా, నలుగురికి అన్నం పెడతారా అన్నది వాళ్ల ఇష్టం. అందులో ప్రేమ ఉంది, నేను దాన్ని కాదనను. ఊరి భయం తీర్చడానికి వాళ్ల చేత డబ్బు కట్టించడం మాత్రం అన్యాయం. అతను మళ్లీ వచ్చి బెదిరించినా, ఆ ఇంటి మీదికి ఎవరైనా వెళ్లినా 112కు ఫోను చేయండి.

చివరికి ఆ ఇద్దరు పిల్లల దగ్గరికి వస్తాను. నిజానికి మీ ఉత్తరంలో అన్నిటికంటే తొందరపడవలసిన విషయం అదే, అర్జీల్లాగా దానికి సోమవారం దాకా ఆగనక్కరలేదు. తల్లి పోయిన పిల్లలకు ఆమె జ్ఞాపకమే మిగిలిన ఆస్తి. ఇప్పుడు ఆ జ్ఞాపకాన్నే భయంగా మార్చి వాళ్ల మీదికి విసురుతున్నారు. అమ్మను తలచుకోవడానికే జంకే స్థితి ఆ వయసులో ఏ బిడ్డకూ రాకూడదు. రేపు పాలు దింపి వచ్చాక స్నానం చేసి బడికి వెళ్లండి. ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి, మలుపులో ఆకారాన్ని చూసిన డ్రైవరును నేనే అని చెప్పండి. పిల్లలందరి ముందు, అది మామూలు మనిషి అనీ, నేను చీకట్లో కంగారుపడ్డాననీ మీరే చెప్పే అవకాశం ఇవ్వమని అడగండి. ఆడవాళ్ల ప్రస్తావన అక్కడ వద్దు. కంటికి చీకట్లో రంగులు ఎందుకు కనబడవో సైన్సు టీచరు చేత చెప్పించండి, పిల్లలకు అది నచ్చుతుంది. అల్లరి ఆగకపోతే, ఆ ఇద్దరిలో ఎవరైనా బడికి రావడం మానేస్తే, పిల్లల సహాయం కోసం 1098 ఉంది. తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లి, ఆ తండ్రినీ నాయనమ్మనూ కలవండి. మీ పేరు మీదుగా ఊళ్లో పుట్టిన మాట వాళ్లను ఎంత కోసిందో వాళ్లు చెబితే అడ్డుపడకుండా వినండి.

పని మానేయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. బడిలో ప్రధానోపాధ్యాయుడు ఏమన్నారో, ఆ మలుపు రోడ్డు ఏ శాఖదని తేలిందో నాకు రాయండి. అర్జీ రాయడంలో సాయం కావాలంటే దాని నకలు పంపండి, చూసి పెడతాను.